రెండో బోయాకీ మూడో బోయాకీ మధ్య

ఉప్పు.

నాలుక మీద ఉప్పు. చెవి మడతల్లో ఉప్పు. రెండుసార్లు తలంటి పోసుకున్నా జుట్టు కుదుళ్ళలో ఇంకా ఉప్పే.

సముద్రం ఒంట్లోంచి దిగలేదు.

తులసి మంచం మీద వెల్లకిలా పడుకుని ఇంటికప్పు చూస్తోంది. కన్నవాళ్ళ ఇల్లు. పెంకుల కింద తాటి వాసాలు. ఒకటి, రెండు, మూడు... పదకొండు దగ్గర లెక్క ఆపేసింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదేనా అనిపించి సిగ్గేసింది.

సిగ్గేసింది గానీ అనుమానం పోలేదు.

నిన్న, ఆదివారం, ఆమె ఈ ఊరి సముద్రంలోనే రెండు కిలోమీటర్లు ఈదింది. ఒడ్డెక్కి సైకిలు తీసి శ్రీకూర్మం, శ్రీకాకుళం మీదుగా నరసన్నపేట దాటి వెనక్కొచ్చింది. అది తొంభై. ఆ పైన ఒడ్డు వెంట ఇరవై ఒకటి పరిగెత్తింది. ట్రయథ్లాన్ అంటారు దాన్ని. ముప్ఫై ఒక్కేళ్ళ మనిషి, విజయనగరంలో బడిపిల్లలకి ఆటలు నేర్పే టీచరు, ఆడవాళ్ళలో మూడోదిగా వచ్చింది. పతకం అదిగో, గోడ మీద గంగమ్మ పటానికి వేలాడుతోంది. అమ్మ దానమ్మ తగిలించింది.

అయ్య గంగులు మాత్రం దాన్ని ముట్టుకోలేదు.

ఊళ్ళో వాళ్ళంతా తిప్పి తిప్పి చూశారు. ఒకాయన పంటితో కొరికి కూడా చూశాడు. అయ్య గుమ్మంలోనే నిలబడి, గొంతు సవరించుకుని, వలలున్న వైపు వెళ్ళిపోయాడు.

అనుమానం అక్కడ మొదలైంది.

*

వాయుగుండం ఒడిశా వైపు మళ్ళిందన్నారు. పోటీకి ముందురోజు సాయంత్రం హెచ్చరిక జెండా దింపేశారు. సముద్రానికి మాత్రం ఆ కబురు ఎవరూ చెప్పినట్టు లేదు.

తెల్లారేసరికి ఈశాన్యపు గాలి. ఏటవాలు వాన. అలలు ఒకదాని మీదొకటి పడి లేస్తున్నాయి... ఏ అల ఎక్కడ మొదలైందో తెలియడం లేదు.

గంట ఆలస్యం చేశారు. ఆపలేదు.

నిర్వాహకులు ఒడ్డున నిలబడి ఒక నియమం చెప్పారు. అలిసిపోతే రక్షణ పడవని పట్టుకోవచ్చు. ఊపిరి తీసుకోవచ్చు. తాడు ఇస్తే తాడు కూడా పట్టుకోవచ్చు. కానీ పడవ మనిషిని ముందుకు లాక్కెళ్ళకూడదు. లాక్కెళ్తే ఆ మనిషి పోటీలో లేనట్టే.

రక్షణ పడవలు నాలుగు. అందులో ఒకటి గంగులుది. నలభై ఏళ్ళుగా వేటకి వెళ్తున్న మనిషి ఆ నియమం విని పకపకా నవ్వాడు.

"సముద్రంలో పడవ నిలబడతాదేటి బాబూ? ఇంజను ఆపీసినా నీరు ఊరుకుంటాదా?"

అందరూ నవ్వారు. తులసి కూడా నవ్వింది.

ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే గొంతులో మళ్ళీ ఉప్పు తగులుతోంది.

ఈదేవాళ్ళకి దారి తెలియడానికి నీళ్ళ మీద తేలేసిన బుడ్డల్లో మొదటి బోయా గుర్తుంది. పసుప్పచ్చగా, తాగినవాడిలా ఊగుతూ. రెండో బోయా గుర్తుంది. దాన్ని చుట్టి తిరిగింది. ఒక అల నోట్లోకొచ్చింది. దగ్గింది. దగ్గుతుండగా ఇంకొకటి. ఆకాశమూ నీళ్ళూ ఒకే రంగు, ఏది పైనో ఏది కిందో... ఆ తర్వాత —

ఆ తర్వాత మూడో బోయా.

మధ్యలో ఏమీ లేదు.

మూడు వందల మీటర్లు. అంతదూరం ఆమె ఈది ఉండాలి. ఈదినట్టు చేతులకి గుర్తు లేదు.

మిగతాదంతా గుర్తుంది, అదే విచిత్రం. శ్రీకూర్మం మలుపులో సైకిలు జారబోవడం గుర్తుంది. హైవే మీద లారీ ఒకటి బురదనీళ్ళు మొహాన కొట్టి పోవడం, దాన్ని ఆమె తిట్టిన తిట్టు, ఆ తిట్టుకి తనకే నవ్వు రావడం గుర్తున్నాయి. నరసన్నపేట దగ్గర నేలకి ఒరిగిన వరిచేలు, వాటి గట్టు మీద గొడుగు కింద నిలబడి చూస్తున్న రైతు. ఎదురుగాలి. పక్కగాలి. పరుగులో పదిహేనో కిలోమీటరు దగ్గర కుడి పిక్క పట్టేస్తే వంగి రెండు చేతులతో పిసుక్కోవడం. గడువుకి పద్దెనిమిది నిమిషాల ముందు గీత దాటడం.

అన్నీ ఉన్నాయి.

ఆ మూడు వందల మీటర్లే లేవు.

*

దానమ్మ పసుపు కలిపిన కొబ్బరినూనె గోరువెచ్చన చేసి తెచ్చింది. కూతురి ఒళ్ళంతా వెతుక్కుంటూ రాసింది.

"ఇదేటే, గోరు నల్లబడిపోనాది?"

"బూటు ఒత్తేసిందమ్మా."

"ఈ తొడేటి, ఇలగ దోక్కుపోనాది?"

"సైకిలు సీటు."

మోచేతి గీత అడిగింది. మెడ మీది ఎర్రదనం అడిగింది. అరికాలి బొబ్బ అడిగింది. తర్వాత ఎడమ చెయ్యి ఎత్తించింది. చంక కింద, పక్కటెముకల మీద, వేలెడు వెడల్పున ఎర్రగా కమిలిన చార.

అక్కడ నూనె రాసింది. ఏమీ అడగలేదు.

తులసి ఎదురుచూసింది. అమ్మ వేళ్ళు ఆ చార మీద ఒక్క క్షణం ఆగాయి. ముందుకెళ్ళిపోయాయి.

ఒంటి మీద చీమ కుట్టినా ఆరాలు తీసే మనిషి!

ఆ చార బట్ట కుట్టు ఒరుసుకున్నదీ కావచ్చు. ఉప్పునీళ్ళలో నానిన బట్ట ఎనిమిది గంటలు రుద్దితే అలాగే అవుతుంది. తాడూ కావచ్చు. తడి తాడు, బరువున్న మనిషిని పట్టి ఉంచిన తాడు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట వెనకటికొకడు. తులసిని ఎవరూ దొంగ అనలేదు. అనకముందే ఆమె చంక తడుముకుంటోంది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి.

*

రెండ్రోజులు కూర్చోవడానికి గోడ, లేవడానికి అమ్మ. నూట పదమూడు కిలోమీటర్లు దాటిన కాళ్ళు గుమ్మం దాటడానికి మొరాయించాయి. చోడి అంబలి, అదే రాగిజావ, తాగింది. పడుకుంది. మళ్ళీ తాగింది. జ్వరం వచ్చి పోయింది. నిద్రలో చేతులు వాటంతటవే ఈదుతున్నాయని అమ్మ చెప్పింది.

మంగళవారం అయ్య చందువా చేప తెచ్చాడు. అరచేతికి రెండింతలు, వెండిలా మెరిసిపోతోంది. చందువా దొరికితే తిన్నగా బేరగాళ్ళకే పోతుంది, ఇంటి పొయ్యి మొహం చూడదు. తులసికి ఊహ తెలిశాక ఆ ఇంట్లో చందువా వండింది మూడోసారో, నాలుగోసారో.

"గుంటకి బలం," అన్నాడు కూతురి గురించి, గోడతో చెప్తున్నట్టు.

పులుసు రుచిగా ఉంది. తింటున్నంతసేపూ తులసి తండ్రి మొహం వెతికింది. ఆయన కంచంలో ముళ్ళు వెతుక్కున్నాడు.

చిన్నప్పుడు ఈత నేర్పిందీ ఆయనే. కడుపు కింద చెయ్యి పెట్టి తేల్చేవాడు. ఆమె కాళ్ళు కొట్టుకుంటూ, కేకలేసుకుంటూ ముందుకెళ్ళేది. ఎప్పుడో వెనకనుంచి వినపడేది... "ఒగ్గీసినాను!" అని. చెయ్యి ఎప్పుడు తీశాడో, ఎంతదూరం తను ఈదిందో, ఎంతదూరం ఆయన మోశాడో, ఒక్కసారి కూడా తెలియలేదు. అడిగితే నవ్వేవాడు.

చెప్పకుండా చెయ్యి పెట్టగల మనిషి. చెప్పకుండా తియ్యగల మనిషి.

బుధవారం ఫోను తెరిచింది. చేతికి కట్టుకున్న గడియారం దారంతా గీసి పెడుతుంది. ఈత గీత ఎప్పుడూ వంకర టింకరగా ఉంటుంది. నీళ్ళలో తిన్నగా ఎవరూ పోలేరు. మొదటి బోయా దాకా వంకర. రెండో బోయా దాకా ఇంకా వంకర.

రెండు నుంచి మూడుకి తిన్నని గీత.

వేళ్ళతో పెద్దది చేసి చూసింది. తర్వాత గుర్తొచ్చింది... నీళ్ళలో మునిగి సిగ్నల్ పోతే ఆ గడియారం రెండు చుక్కలూ కలిపి తనే ఓ గీత గీసేస్తుంది. దానికీ తెలియలేదన్న మాట.

ఇంతకీ ఇంత బాధ ఎందుకంటే — వచ్చే సోమవారం బళ్ళో సన్మానం. నాలుగు వందల మంది పిల్లలు. హెడ్మాస్టరుగారు ఫ్లెక్సీ కూడా కట్టించారట. కిందటేడు పరుగుపందెంలో మలుపు దగ్గర అడ్డదారిన పడి ముందొచ్చిన పిల్లని ఈ తులసి టీచరే వరసలోంచి తీసేసింది. మైకు పట్టుకుని నిజాయితీ గురించి పావుగంట మాట్లాడింది. చెప్పేవాళ్ళకి వినేవాళ్ళు లోకువ. ఆ పిల్ల ఏడ్చుకుంటూ వెళ్ళడం ఇప్పుడు కళ్ళ ముందు కదులుతోంది.

ఆ పిల్ల ముందు ఈ పతకం వేసుకుని నిలబడాలంటే, అది తనదై ఉండాలి.

*

గురువారం దుర్గాభవాని వచ్చింది. విజయనగరంలో బ్యాంకు ఉద్యోగి. రెండేళ్ళుగా ఇద్దరూ కలిసే సాధన చేశారు. మొన్న ఈతలో గడువు కంటే రెండు నిమిషాలు ఆలస్యంగా ఒడ్డు చేరిందని ఆమెని అక్కడే ఆపేశారు. సైకిలు ముట్టుకోనేలేదు పాపం.

బత్తాయి ఒలిచి తొనలు తులసి చేతిలో పెడుతూ చెప్పింది.

"నీ వెనకే ఉన్నానే. రెండో బోయా దగ్గర అల లేచింది. నువ్వు కనపడ్లేదు. మీ నాన్నగారి పడవ అడ్డొచ్చింది. అది పక్కకెళ్ళాక చూస్తే... నువ్వు చాలా ముందున్నావు."

"అయితే ఏటంటావు?"

"నేనేటీ అనడం లేదు. చూసింది చెప్తన్నాను."

తులసి తొన పక్కన పెట్టేసింది. ఏడుపుగొట్టుతనమా? ఓడిపోయిన కడుపుమంటా? లేక నిజంగానే చూసింది చెప్పిందా? స్నేహితురాలి కళ్ళలోకి చూసింది తులసి. అవి మామూలుగానే ఉన్నాయి. మామూలుగా ఉండటం కూడా అనుమానంగానే తోచింది.

అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా! అది కాఫీ తాగదు, అన్నం తినదు. మనిషినే తింటుంది.

ఆ సాయంత్రం అమ్మని పట్టుకుంది.

"అయ్య నన్ను లాక్కొచ్చాడా?"

దానమ్మ చేటలో బియ్యం చెరగడం ఆపలేదు.

"పందెం పెట్టినోలు అడగనేదు. ఒడ్డున సూసినోలు అడగనేదు. కందకి నేని దురద కత్తిపీటకెందుకే?"

"అమ్మా, సెప్పు."

"నాకేటి తెల్దు. ఒడ్డుకొచ్చినావు. నాకు అది సాలు." రాయి ఒకటి ఏరి పడేసి మళ్ళీ తనే అంది. "మీ అయ్య ఆ రోజు అన్నం తిన్నేదు. అది తెల్సు."

*

శనివారం గాలి పడిపోయింది. సముద్రం ఏమీ ఎరగనట్టు పడుకుంది.

తులసి గోడ పట్టుకోకుండా నడిచింది. ఇసుకలో మెల్లగా, పిక్కలు సలుపుతుండగా, పడవ దాకా నడిచింది. గంగులు పడవలో నీళ్ళు తోడి పోస్తున్నాడు. కూతుర్ని చూసి ఇంకా వేగంగా తోడాడు.

"అయ్యా, ఇంజను ఆపినావా?"

ముందూ వెనకా లేకుండా అడిగింది.

"ఏ ఇంజను?"

"అయ్యా."

ఆయన చేతిలో డబ్బా ఆగింది.

"ఆపీసినాను. రెండో బోయా కాడ నివ్వు ములిగినావు. ఆపీసి తాడు ఇసిరినాను."

"పట్టుకున్నానా?"

"తెల్దు."

"తెల్దంటే? పక్కనే ఉన్నావు కదా!"

"కళ్ళు మూసుకున్నాను."

తులసికి ఒళ్ళు మండింది. "నలభై ఏళ్ళు సముద్రం మీద బతికినోడివి! ఎవరికి సెప్తావు ఈ మాట?"

గంగులు పడవ అంచు మీద కూలబడ్డాడు.

"పీనుగుల్ని తీసినాను గుంటా, ఇదే నీటిలోంచి. ముగ్గుర్ని. అందులో మా తమ్ముడొకడు. కళ్ళు తెరిసే తీసినాను. నిన్ను సూడనేకపోనాను."

నీళ్ళు వచ్చి పాదాలు తడిపి వెళ్ళాయి.

"తెరిసీసరికి తాడు వొట్టిగా తేలతంది. నివ్వు మూడో బోయా కాడ సేతులేస్తన్నావు. పడవా అక్కడే ఉన్నాది. నీరు తోసినాదో, నివ్వే ఈదినావో..."

"ఇంజను ఆపినట్టు ఒట్టేస్తావా?"

"ఒట్టెయ్యను. ఆపినట్టే గురుతు. సప్పుడు వినపడనేదు. గాలి అలగుంది."

నిజమా? నిజమే కావచ్చు. లేదా ఆరు రోజులు గోడకేసి చూస్తూ, వల బాగుచేసుకుంటూ, ఒక్కో ముడీ వేసి అల్లుకున్న అబద్ధం కావచ్చు. కళ్ళు మూసుకున్నవాణ్ణి ఏమని నిలదీస్తాం? తండ్రి మొహంలోకి చూసింది తులసి. కోపం వచ్చింది. ఆ ముసలి మొహం మీద జాలి వేసింది. తను మునుగుతుంటే ఆయనకెలా ఉండి ఉంటుందో ఈ ఆరు రోజుల్లో ఒక్కసారైనా అడగలేదని తోచి ఏడుపొచ్చింది. ఏడ్చింది.

తర్వాత ఫోను తీసి నిర్వాహకులకి రాసింది. రెండో బోయాకీ మూడో బోయాకీ మధ్య ఏం జరిగిందో నాకు తెలియదు. నా పక్కన ఉన్న పడవ మా నాన్నది. మూడో స్థానం నాకుంచాలో వద్దో మీరే చెప్పండి. అదే దుర్గాభవానికీ పంపింది. హెడ్మాస్టరుగారికి, సన్మానం ఆపమని విడిగా రాసింది.

"ఏటి రాసినావు?"

"తెల్దని రాసినాను."

గంగులు తల ఊపాడు. మళ్ళీ నీళ్ళు తోడటం మొదలుపెట్టాడు.

"వొచ్చే ఏడు మళ్ళీ ఈదుతాను అయ్యా. నివ్వు పడవెక్కకు. ఒడ్డుకి కూడా రాకు."

"రాను."

ఒక్క మాట అడ్డు చెప్పలేదు. ఎందుకని అడగలేదు. అలిగిన మొహం పెట్టలేదు. ఇలా అడగడం ఆలస్యం అలా ఒప్పేసుకున్నాడు, జీవితంలో దేనికీ ఒక పట్టాన ఒప్పుకోని గంగులు.

తులసి నమ్మలేదు.