పైతేట

“సూపు తాగి లావైన ఆడదాన్ని నిన్నొక్కదాన్నే చూస్తున్న” అన్నాడు మా ఆయన నరేశ్.

అప్పుడు నేను అతనికి రెండోసారి సూప్ పోస్తున్నాను. మా అబ్బాయి అభినవ్ నవ్వాడు. మా అత్తమ్మ సత్యవ్వ నవ్వలేదు. “తిన్నది ఒంటికి పడుతుంది, పడనియ్యిరా” అంది. నా తరఫున మాట్లాడానని ఆమె అనుకుంది. నేను నా గిన్నె తీసుకుని వంటింటి గడప దగ్గర కూర్చున్నాను. గిన్నె అంచు మీద మా తోటికోడలి పేరు, ‘రమ’ అని చెక్కి ఉంటుంది.

సూప్ మా ఇంటికి వచ్చి తొమ్మిది వారాలైంది. తెచ్చింది నేనే. కాళ్లు వాస్తున్నాయని సిరిసిల్లలో ఆస్పత్రికి పోతే రక్తం, మూత్రం పరీక్ష చేశారు. నా బరువు అరవై ఎనిమిది కిలోలు. కిడ్నీలు, లివర్ బాగున్నాయన్నారు. రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ మాత్రం తక్కువుందని, ఆహారం గురించి చెప్పే శైలజ గదికి పంపారు. ఆమె నాకంటే పదేళ్లు చిన్నది. నా పాదం మీద బొటనవేలు పెట్టి నొక్కి తీసింది. గుంట పడింది. అది నిండేదాకా ఇద్దరం చూశాం.

“అక్కా, నువ్వు లావున్నవని అందరు అంటరు గదా” అంది.

“అంటరు.”

“పొద్దున ఏం తింటవ్?”

“అన్నం. తొక్కు.”

“మధ్యాహ్నం?”

“అన్నం. చారు.”

“కడుపు నిండుతుంది గని ఒంటికి కావాల్సింది అందుతలేదు. అన్నం తగ్గియ్యాలె. గని ఆకలితోని ఉండొద్దు.”

కాగితం మీద మూడు సూప్‌లు రాసిచ్చింది. ఒకటి పెసరపప్పు, పాలకూరతో, దించే ముందు రెండు గుడ్ల తెల్లసొన పోసి కలపాలి. రెండోది తోలు తీసిన కోడిమాంసం, ఆనిగపుకాయ, మిరియాలతో. మూడోది మీల్ మేకర్, టమాటతో, చల్లారాక గిలక్కొట్టిన పెరుగుతో. ఏదైనా ఒక గిన్నెడు తాగితే ఇరవై గ్రాముల ప్రోటీన్ రావాలి, రెండువందల యాభై క్యాలరీలు దాటకూడదు. పప్పు సగం మిక్సీలో వెయ్యమంది, సగం గింజగా ఉంచమంది. మిక్సీలో వేసింది చిక్కదనానికి, గింజ నమలడానికి. “నమిలితేనే కడుపు నిండినట్టు తెలుస్తది” అంది. మక్కపిండి వద్దు, వెన్న వద్దు, నూనె ఒక్క చెంచా. కాగితం పైన నా పేరు రాసి కింద గీత గీసింది.

ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపు మీద అంటించాను. మొదటి రోజు నా ఒక్కదానికి వండుతుంటే అత్తమ్మ వచ్చి నిలబడింది.

“ఒక్కదానివే వేరుగ వండుకుంటవా? పిల్లలు సూస్తరు.”

ఆమె మాట కాదనాలని నాకు తోచలేదు. ఒక ఆడమనిషి కోసం మాత్రమే పొయ్యి మీద గిన్నె పెట్టడం మా ఇంట్లో ఎప్పుడూ జరగలేదు. బాలింతలకు తప్ప. నేను ఇంకో పిడికెడు పప్పు వేశాను. ఐదుగురికి సరిపోయేలా నీళ్లు పోశాను.

నరేశ్ పక్క కార్ఖానాలో సాంచెలు నడుపుతాడు. మరమగ్గాలను మేం సాంచెలంటాం. పన్నెండు గంటలు ఎనిమిది సాంచెల మధ్య తిరుగుతాడు. సాంచెలకు కావలసిన నూలు కండెలు నేను ఇంట్లో మిషన్ మీద చుడతాను. పొద్దున వంటయ్యాక కూర్చుంటే సాయంత్రం వంటకు లేస్తాను. ఆ పని అతని కూలిలో కలిసిపోతుంది. ఎవరైనా అడిగితే “ఇంట్లనే ఉంటది” అని చెప్తాడు. మిషన్ మా తోటికోడలు రమక్కది. ఆమె ఈ గదిలోనే, ఈ పీట మీదే కూర్చుని పదకొండేళ్లు కండెలు చుట్టింది. నాలుగేళ్ల కింద చనిపోయింది. ఆమె భర్త, మా బావ ఎల్లేశం భివండి పోయి అక్కడే ఉండిపోయాడు. మిషను, పీట, గిన్నె నాకు వచ్చాయి.

రెండోవారం నరేశ్ సూప్ గురించి ఒక మాటన్నాడు. “గీ మెత్తగ చేసుడేంది? పసిపిల్లల ఉగ్గు లెక్కున్నది. గింజ గింజ ఉండాలె.” మిక్సీలో వెయ్యడం మానేశాను. అప్పటినుంచి పప్పంతా గిన్నె అడుగుకు చేరుతుంది, పైన తేట నిలుస్తుంది. కోడిమాంసం కూడా అంతే. మీల్ మేకర్ మొదట తేలినా, నీళ్లు పీల్చి కిందికి పోతుంది.

మా ఇంట్లో గంటెకు ఒక వరుస ఉంది. నేను కాపురానికి వచ్చిన వారంలోనే అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని చూపించింది. “సాంచె మీద నిలబడేటోనికి అడుగు గంటె” అంది. గంటెను అడుగుదాకా ముంచి, కదపకుండా పైకి తీసి మగవాడికి పొయ్యాలి. కలిపి పోస్తే మర్యాద కాదు. రెండో గంటె కొడుకుది. ఆ తర్వాత ఆమెది. “నాకు పండ్లు లెవ్వు, పైపైన పొయ్యి” అంటుంది. తర్వాత మా అమ్మాయి దీపది. చివర నాది. ఎవరూ తిట్టి నేర్పలేదు. ఈ పదిహేడేళ్లలో నా మణికట్టుకు అలవాటై, దానంతటదే ఆ లోతుల్లో ఆగుతుంది.

ఆరోవారానికి నరేశ్ ఐదు కిలోలు తగ్గాడు. కొత్త రంధ్రం కొట్టించాల్సి వచ్చిన బెల్టును ఫోటో తీసి స్టేటస్ పెట్టుకున్నాడు. చాయ హోటల్ దగ్గర నలుగురు అడిగితే మూడు సూప్‌లూ నోటికి చెప్పాడట. జితేందర్ అనే దోస్తు మా ఇంటికే వచ్చి కాగితం ఫోటో తీసుకుని పోయాడు. ఫోటో తీసేటప్పుడు పైన గీత గీసిన పేరు మీద వేలు పడింది. అడ్డమున్నా పర్వాలేదనుకుని తీసుకున్నాడు. నేను చాయ పెడుతూ చూశాను.

నేను మూడు కిలోలు పెరిగాను.

పొద్దున కూర్చునే ముందు కాలి మీద నొక్కి చూసుకోవడం అలవాటైంది. పక్క కార్ఖానాలో సాంచె కొట్టే దెబ్బలతో లెక్కపెడతాను. మొదట్లో గుంట పాదం మీదే పడేది, పది దెబ్బల్లో నిండేది. నాలుగో వారానికి గుంట మడమ పైన పడింది. ఏడో వారానికి పిక్క మీద పడింది, ముప్ఫై దాటినా నిండలేదు. లెక్క ఆపేసి మిషన్ వేశాను. చూస్తూ కూర్చుంటే కండెలు తగ్గుతాయి.

ఎనిమిదో వారం మెట్టెలు బిగిశాయి. సబ్బు రాసి, దారం చుట్టి లాగుతుంటే అత్తమ్మ చూసింది.

“తియ్యకు. మెట్టెలు తీస్తే వానికి మంచిది కాదు.”

“నొస్తుంది అత్తమ్మా. వేలు నల్లబడుతుంది.”

“ఆడిదానికి కాళ్లు వాసుడు మామూలే. రమవి గూడ గిట్లనే బిగిసినయి.” అక్కడ ఆగింది. చీర కుచ్చిళ్లు కిందికి లాక్కుని, తన పాదాలు కప్పుకుని అవతలికి పోయింది.

రమక్కకు ఒంటికి నీరు పట్టిందనే అన్నారు అప్పుడు. నడవలేకుండా అయ్యాక ఆమె తల్లి చిన్నవ్వ వచ్చి కోరుట్ల తీసుకుపోయింది. ఇరవై రోజులు ఉంచుకుంది. జగిత్యాల ఆస్పత్రిలో చేర్చేసరికి కనురెప్పలు తెరవలేకపోయిందట. ముప్ఫై ఆరేళ్లు. ఇప్పుడు నాకూ అంతే. చిన్నవ్వ బీడీలు చేస్తుంది. ప్రతి ఏడూ సంవత్సరీకం నాడు బస్సెక్కి మా ఇంటికి వచ్చి, గడప దగ్గర కూర్చుని అదే ప్రశ్న అడుగుతుంది.

“మా బిడ్డ ఏం తినేది వదినె?”

అత్తమ్మ అదే జవాబు చెప్తుంది. “మేం తిన్నదే తిన్నది.”

అందులో అబద్ధం లేదని నేను కూడా అనుకునేదాన్ని.

తొమ్మిదో వారం మళ్లీ పరీక్ష చేశారు. శైలజ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుంది. మూడు ఉన్న ఆల్బుమిన్ రెండున్నరకు వచ్చింది. కిడ్నీల పరీక్ష ఇంకోసారి చేయించింది. బాగానే ఉన్నాయి.

“సూపు తాగుతలేవా అక్కా?”

“రోజు తాగుతున్న మేడం. ఇంట్ల అందరం గదే తాగుతున్నం.”

నేను అబద్ధం చెప్తున్నానేమోనని ఆమె నా ముఖం చూసింది. నేను నిజమే చెప్తున్నాను. నాకది నిజమే. ఆమె రెండు కాగితాలూ మడిచి, “రేపు మళ్ల రా. ఇయ్యాల రాత్రి నువ్వు తాగే సూపు, నీ గిన్నెలది, నువ్వెంత పోసుకుంటవో అంత, డబ్బల తీస్కరా” అంది.

ఆ సాయంత్రం పెసరపప్పు సూప్. ఎప్పటిలాగే అందరికీ పోశాను. చివర నా గిన్నెలో పోసుకున్నాను. అది స్టీలు డబ్బాలోకి వంపి ఫ్రిజ్‌లో పెట్టాను. మరునాడు ఆమె బల్ల మీద పెట్టాను. శైలజ నర్సుల గదిలోంచి చాయ వడపోసే జాలీ, ఒక గాజు గ్లాసు తెచ్చింది. జాలీలోంచి డబ్బా మొత్తం వంచింది. గ్లాసు నిండింది. గ్లాసులోంచి వెనక కిటికీ కనిపించింది. జాలీలో ఏడు పెసరగింజలు, ఒక పాలకూర ముక్క మిగిలాయి.

ఆమె గింజలు రెండుసార్లు లెక్కపెట్టింది.

“ఎవలు పోసిన్రు నీకిది?”

“నేనే పోస్కున్న.”

“నువ్వే?”

“నేనే.”

“ఇది సూపు కాదక్కా. గిన్నె కడిగిన నీళ్లు.”

ఎవరూ నా గిన్నెలోంచి ఏమీ తీసుకోలేదు. వద్దని ఎవరూ అనలేదు. తొమ్మిది వారాలు పప్పు కడిగి, పాలకూర తరిగి, గుడ్లు కొట్టి, నా పేరు మీద రాసిన తిండిని నా చేత్తోనే మిగతావాళ్లకు పంచి, మిగిలిన తేటను నా చేత్తోనే తాగాను. తాగి, లావయ్యానని మాట పడ్డాను. అన్నం తగ్గించమన్నందుకు అది మాత్రం కచ్చితంగా తగ్గించాను. ఆమె చెప్పినవాటిలో నేను తప్పకుండా పాటించింది అదొక్కటే.

“గిట్లనే ఉంటే ఏమైతది మేడం?”

శైలజ జాలీ కడగడానికి లేచింది. కుళాయి తిప్పి, నా వైపు చూడకుండా, “మీ ఇంట్ల ఇంకెవలకన్నా గిట్ల వాపు ఉండెనా?” అని అడిగింది.

ఆస్పత్రి నుంచి బస్టాండు దాకా నడిచాను. మధ్యలో రెండుచోట్ల ఆగాల్సి వచ్చింది. రమక్కకు వేరే జబ్బు ఏదైనా ఉందేమో, ఎవరూ పరీక్ష చేయించలేదు కాబట్టి నాకు తెలియదు. నాకు తెలిసింది ఒకటే. ఆమె ఉన్నన్నాళ్లూ ఈ వంటింట్లో గంటె ఎక్కువగా ఆమె చేతిలోనే ఉంది, చివరి గిన్నె ఆమెది.

ఇల్లు చేరేసరికి నరేశ్ స్నానం చేసి కూర్చున్నాడు. నేను పొద్దునే మీల్ మేకర్ సూప్ వండిపెట్టి పోయాను. దీప దాన్ని వేడి చేసి, గిన్నెలు వరుసగా పెట్టింది. దానికి పన్నెండేళ్లు. నేను గుమ్మంలో చెప్పులు విప్పుతూ చూస్తున్నాను. గంటెను అడుగుదాకా ముంచింది. కదపకుండా పైకి తీసింది. నాన్న గిన్నెలో పోసింది. మళ్లీ ముంచి అన్నకు పోసింది. నానమ్మ గిన్నె దగ్గర దాని మణికట్టు సగంలో ఆగింది. తన గిన్నెకు గంటెను అడ్డంగా పట్టుకుని పైతేట తీసింది. ఇంకో గంటె తేట తీసి రమక్క గిన్నెలో పోసి, నా కోసం గడప దగ్గర పెట్టింది.

“నీకు ఎవలు చెప్పిన్రు గిట్ల పొయ్యుమని?” అన్నాను.

దీప గంటె వైపు చూసింది. “ఎట్ల?” అంది.

దాన్ని దగ్గరికి పిలిచి, దాని కాలి మీద వేలు పెట్టి నొక్కాను. పక్కన సాంచె ఒక్క దెబ్బ కొట్టేలోపే గుంట నిండింది. ఇంకోసారి నొక్కాను. నిండింది.

“ఏందే, ఆకలైతుంది, ఏం పరీక్షలు గివి?” అన్నాడు నరేశ్.

నేను అతని ముందున్న గిన్నె తీసుకున్నాను. అభినవ్‌ది తీసుకున్నాను. ఐదు గిన్నెల్లోదీ తిరిగి పెద్ద గిన్నెలో వంపాను. కాసేపు కదపకుండా ఉంచాను, అడుగుకు చేరేదాకా. అడుగు గంటె దీపకు పోశాను. రెండోది అత్తమ్మకు. మూడోది రమక్క గిన్నెలో, నాకు. అడుగు తగిలేదాకా గీకి పోసుకున్నాను. మిగిలింది తండ్రికీ కొడుక్కీ సమంగా పోశాను.

నరేశ్ గిన్నెను వంచి చూశాడు. “ఏందిది? నీళ్లా?”

“మేం తాగిందే” అన్నాను.

“సాంచె మీద నిలబడేటోడు వాడు, వనితా” అంది అత్తమ్మ. ఆమె గిన్నె నిండా ముక్కలున్నాయి. పండ్లు లేవన్న మనిషి ఒక ముక్క నోట్లో వేసుకుని చిగుళ్లతో నములుతోంది. కుచ్చిళ్లు పక్కకు జరిగి, పాదాలు కనిపిస్తున్నాయి. మెట్టెల చుట్టూ మాంసం పొంగి ఉంది. ఆమె వాటిని ఈసారి కప్పుకోలేదు.

నేను గడప దగ్గర కూర్చుని గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నాను. నమిలి తిన్నాను. కడుపు నిండింది. తర్వాత ఫోన్ తీసి కోరుట్లకు, చిన్నవ్వకు కలిపాను. స్పీకర్‌లో పెట్టాను. అవతల బీడీ ఆకు కత్తిరిస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

“అవ్వా, నేను వనితను, సిరిసిల్ల నుంచి. రమక్క ఏం తినేదని నువ్వు ఏటేట అడుగుతవ్ గదా.”

అవతల కత్తెర ఆగింది.

“చెప్తున్న, ఇను” అన్నాను.