కోసిగమ్మ

శివాని తన కన్నతల్లిని "కోసిగమ్మ" అని పిలవడం ఎప్పుడు మొదలుపెట్టిందో ఎవరికీ సరిగ్గా తెలియదు. రాజంపేటలో తనను పెంచుతున్న పెద్దమ్మ రత్నమణిని అమ్మా అంటుంది. ఫోన్‌లో అప్పుడప్పుడు పలకరించే అమ్మకు ఇంకో పేరు కావలసి వచ్చింది. కోసిగిలో ఉండే అమ్మ, కోసిగమ్మ. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు శివజ్యోతి ఫోన్‌లో నవ్వింది. ఫోన్ పెట్టేశాక మిరప చేని గట్టు మీద కూర్చుండిపోయింది. చేతులనిండా కారం. కళ్ళు తుడుచుకునే వీలు కూడా లేదు.

శివజ్యోతికీ, ఆమె భర్త పరమేష్‌కూ కోసిగిలో రెండెకరాల చేను ఉంది. వాన పడితే పత్తి, పడకపోతే ఏమీ లేదు. దీపావళి దాటాక వీధికి వీధే సుగ్గికి కదులుతుంది. సుగ్గి అంటే పిల్లాజెల్లా, మూటాముల్లె సర్దుకొని గుంటూరు దిక్కు కూలికి పోవడం. అక్కడ పత్తి తీసి, మిరపకాయలు తెంపి, ఉగాదికి ఇల్లు చేరడం. పాపను చంకనేసుకొని వాళ్ళు రెండేళ్ళు పోయారు. రెండో ఏడు, పట్టలు కప్పిన గుడిసెలో పాపకు వచ్చిన జ్వరం ఫిట్స్‌లోకి దిగింది. ఆస్పత్రికి చేరేసరికి పెదాలు నల్లబడ్డాయి. ఎట్లనో బతికింది. అప్పుడు పాపకు నాలుగేళ్ళు.

సంగతి తెలిసి అక్క రత్నమణి, బావ వీరభద్ర పరుగున వచ్చారు. వాళ్ళకు రాజంపేట పక్కన అరటితోట ఉంది. పెళ్ళయి పద్నాలుగేళ్ళయినా పిల్లలు లేరు.

"ఈ ఒక్క సుగ్గికి నా దగ్గర ఉండనీ జ్యోతీ. కోతలు అయిపోతానే వచ్చి తీసకపోదువు" అంది రత్నమణి.

ఒక్క సుగ్గి మూడు సుగ్గులయింది. ఎండాకాలం తీసుకొద్దామంటే ఊళ్ళో నీళ్ళుండవు. వానాకాలం తెద్దామంటే అక్కడ బడిలో చేర్చి ఉంటారు. తర్వాత మళ్ళీ దీపావళి వచ్చేది. ఏడాదికి నాలుగు రోజులు చూసి రావడమే మిగిలింది. పోయిన మొదటి పూట పాప రత్నమణి వెనక దాక్కునేది. దగ్గరకొచ్చేసరికి వీళ్ళు బయలుదేరే రోజు వచ్చేది.

ఈ ఏడు సుగ్గి నుంచి కాస్త ముందే తిరిగొచ్చినాక పరమేష్‌కు కోసిగిలోనే, సిమెంటు ఇటుకలు చేసే చోట పని దొరికింది. ఏడాది పొడుగునా ఉండే పని అన్నారు.

"ఇంగ మనకు సుగ్గి లేదు. పాపను తెచ్చుకుందాం" అన్నాడు.

శివజ్యోతి ఆ మాట అక్కకు ఫోన్‌లో చెప్పింది. రత్నమణి, "మీ పాపే కదా. తీసకపోకుండా ఉంటారా" అంది. కోపంగా అనలేదు. కోపంగా అనుంటే బాగుండేదని శివజ్యోతికి అనిపించింది.

వీరభద్ర ఫోన్ తీసుకున్నాడు. "రైల్లో వద్దప్పా పరమేష్. మొన్న పాత కారు ఒకటి తీసుకున్యా. మీరిద్దరూ ఈడికి రాండి. అందరం కలిసి పోదాం. ఉగాది మీ ఇంట్లోనే చేసుకుందాం. పాపకు మెల్లగా అలవాటైతాది" అన్నాడు.

అట్లా ఉగాదికి రెండు రోజుల ముందు ఐదుగురూ రాజంపేటలో పొద్దున్నే కారెక్కారు. మగవాళ్ళు ముందు, ఆడవాళ్ళు వెనక, ఇద్దరి నడుమ శివాని. కొత్త గౌను తొడుక్కుంది. ఎక్కడికో విహారానికి పోతున్నామనుకుంటోంది. అక్కడే ఉండిపోవాలని ఎవరూ చెప్పలేదు. రత్నమణి చెబుతుందని శివజ్యోతి అనుకుంది. శివజ్యోతే చెప్పాలని రత్నమణి ఊరుకుంది.

కడప దాటేదాకా పాప ఎదురొచ్చే లారీలు లెక్కపెట్టింది. ఆ తర్వాత శివజ్యోతి దిక్కు తిరిగి, "కోసిగమ్మా, మీ ఊర్లో ఏముంటాయి?" అని అడిగింది.

"పెద్ద పెద్ద రాతిగుండ్లుంటాయి. చేన్లలోకి నెమళ్ళు వస్తాయి."

"ఎన్ని రోజులుంటాం ఆడ?"

వీరభద్ర అద్దంలోంచి భార్యను చూశాడు. "చూద్దాంలే. ముందు పోనీ" అని రత్నమణి పాప తల నిమిరింది.

మైదుకూరు దాటాక పాప ముఖం వాడిపోయింది. "అమ్మా, తల తిప్పుతాంది" అంది.

"ఏమ్మా" అన్నారు ఇద్దరూ ఒక్కసారే. పాప రత్నమణి వైపు వాలింది. రత్నమణి అప్పటికే కవరు తీసి సిద్ధంగా పెట్టుకుంది. నుదురు పట్టుకొని కక్కించి, మూతి తుడిచి, కొంగున కట్టుకొచ్చిన నిమ్మకాయ వాసన చూపింది. శివజ్యోతి నీళ్ళ సీసా పట్టుకొని కూర్చుంది. తన కూతురికి కారు పడదని ఆమెకు తెలియదు.

పాప నిద్రపోయాక రత్నమణి కిటికీలోంచి బయటికి చూస్తూ చిన్నగా చెప్పడం మొదలుపెట్టింది. "బస్సెక్కే ముందు కడుపునిండా పెట్టొద్దు. వంకాయ తినదు, పప్పులో కలిపేస్తే తింటాది. తల కింద చెయ్యి పెడితేనే నిద్రపోతాది. జ్వరం వస్తే మాత్రం ఆలస్యం చేయొద్దు, వెంటనే తడిగుడ్డ వెయ్యాల. ఉరుమంటే శానా భయం."

శివజ్యోతి ఒక్కొక్కటీ మనసులో పెట్టుకుంటూ తలూపింది. వంకాయ సంగతి విన్నప్పుడు మాత్రం, "చిన్నప్పుడు తినేదక్కా" అంది. రత్నమణి పాప మీదికి కొంగు లాగి కప్పింది.

నంద్యాల దాటినాక కాలువ పక్కన వేపచెట్ల కింద కారు ఆపారు. చెట్లన్నీ పూత మీదున్నాయి. చిత్రాన్నం, పెరుగన్నం తిన్నారు. పాప తేరుకుంది. పరమేష్ ఆమెను భుజాలమీద ఎక్కించుకుంటే కొమ్మలందుకొని వేపపూత తెంపింది. ఉగాది పచ్చట్లోకని రత్నమణి కొంగు పట్టింది. పూత పరమేష్ తలనిండా రాలింది. వీరభద్ర ఫోన్‌లో ఫోటో తీస్తూ, "ఏమప్పా, పెళ్ళికొడుకు మాదిరి ఉండావే" అన్నాడు. పాప కిలకిలా నవ్వింది. ఆ గంటసేపు అది ఎవరి పాప అన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. శివజ్యోతి తర్వాత ఎన్నోసార్లు అనుకుంది, అక్కడే చెప్పి ఉండాల్సిందని. కానీ అంత సంతోషంగా ఉన్న పిల్లకు ఆ మాట ఎట్లా చెప్పేది?

కర్నూలు, ఎమ్మిగనూరు దాటి పొద్దు వాలేసరికి కోసిగి చేరారు. ఉగాది బాగానే జరిగింది. అక్కాచెల్లెళ్ళు కలిసి పూర్ణం రుబ్బి ఓళిగలు చేశారు. పండగ మరుసటి రోజు పొద్దున రత్నమణి చెల్లెలిని పెరట్లోకి పిలిచింది.

"చెప్పి పోతే పాప నన్ను వదలదు. నేనూ పోలేను. ఏదన్నా పనిమీద బయటికి పంపియ్యి" అంది.

"చెప్పకుండా పోతే తప్పక్కా."

"తప్పే. నువ్వు చెప్పు మరి, ఏం చేద్దాం?"

శివజ్యోతి లోపలికి పోయి పరమేష్‌కు చెప్పింది. పరమేష్ పాపను అంగడికి పిలుచుకుపోయాడు. వాళ్ళు మలుపు తిరగగానే రత్నమణి కారెక్కి అద్దం పైకెత్తుకుంది. వీరభద్ర మాత్రం కిందే నిలబడి రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. తర్వాత బండెక్కాడు.

పాప తిరిగొచ్చేసరికి చేతిలో బిస్కెట్ ప్యాకెట్లు ఉన్నాయి. అందరికీ తలా ఒకటి తనే అడిగి కొనిపించింది. ఇంటిముందు ఖాళీ జాగా చూసి, "కారు యాడికి పోయింది?" అంది.

"పెట్రోలు పోయించుకునేకి" అన్నాడు పరమేష్.

పాప గడప మీద కూర్చుంది. అన్నానికి పిలిస్తే రాలేదు. సాయంత్రం దాకా అక్కడే కూర్చుంది. దీపాలు పెట్టే వేళకు లేచి, రెండు ప్యాకెట్లు గూట్లో పెట్టింది. ఏడవలేదు. ఏమీ అడగలేదు. ఆ రోజు నుంచీ పరమేష్ ఏం చెప్పినా అతని ముఖంలోకి పరీక్షగా చూసేది.

ఎండలు ముదిరాయి. ట్యాంకరు వచ్చే రోజే నీళ్ళు. జొన్నరొట్టె పాపకు గొంతు దిగేది కాదు. వారానికి ఒకసారి ఫోన్‌లో రత్నమణితో మాట్లాడించేవాళ్ళు. అటు ఆమె ఏడుపు, ఇటు పాప ఏడుపు. ఒకరోజు వీరభద్ర పరమేష్‌కు చేశాడు. "కొన్నాళ్ళు ఫోన్ వద్దప్పా. మాట్లాడినాక ఈడ ఈమె రెండు రోజులు మంచం దిగదు" అన్నాడు. ఫోన్లు ఆగిపోయాయి.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం పాప కనిపించకుండా పోయింది. ట్యాంకరు డ్రైవరు ఎమ్మిగనూరు దావలో చూసి ఎక్కించుకొచ్చాడు. భుజాన బడిసంచి, కాళ్ళకు చెప్పులు లేవు. "ఈ దావనే కదా వచ్చినాం" అంది పాప. శివజ్యోతి భయంతో ఆమె వీపు మీద ఒక్కటి వేసింది. వేసిన చేత్తోనే దగ్గరకు లాక్కుంది. కాలిన పాదాలకు వెన్న రాస్తుంటే పాప, "నన్ను కొట్టినావని అమ్మకు చెప్తా" అంది. "చెప్పు తల్లీ" అంది శివజ్యోతి.

జూన్‌లో బడి తెరిచారు. పాపకు పక్కింటి పిల్ల తోడు దొరికింది. వానలు రెండు పడి ఆగిపోయాయి. పత్తి మొలిచి మూరెత్తు కూడా కాలేదు. కానీ ఇంట్లో పాప మెల్లగా మాటల్లో పడింది. ఒకరోజు బడికి ఆలస్యమవుతోందని తొందర పడుతూ, "అమ్మా, జడ వెయ్యి" అంది.

శివజ్యోతి చేతిలో దువ్వెన ఆగిపోయింది. ఏమీ ఎరగనట్టు మళ్ళీ దువ్వింది. పాప వెళ్ళాక ఈ మాట ఎవరితోనన్నా చెప్పుకోవాలని ప్రాణం కొట్టుకుంది. చిన్నప్పటి నుంచీ ఏ సంతోషమైనా ఆమె మొదట అక్కతోనే చెప్పుకునేది. ఇది అక్కతో చెప్పుకునే సంతోషం కాదు.

శ్రావణమాసంలో ఒక మధ్యాహ్నం, బడిలో వంట చేసే సుంకులమ్మ వచ్చింది. "మీ అక్క వచ్చిందేమే? బడి గోడ పక్కన నిలబడింటే చూసినా. పిలిస్తే పలకకుండా టేషన్ దిక్కు పోయె" అంది.

శివజ్యోతి చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. రత్నమణి స్టేషన్‌లో బెంచీ మీద కూర్చుని ఉంది. మనిషి సగమైంది.

"ఏమక్కా ఇది, ఇంటికి రాకుండా?"

"చూసిపోదామని వచ్చినా. పాప నన్ను చూడలేదులే. అన్నం తిని చెయ్యి కడుక్కుంటాంటే చూసినా. కొంచెం పొడుగైంది."

"ఇంటికి రా. బడి వదిలేదాకా ఉండు. కావాలంటే నేను..."

"వస్తే మళ్ళా మొదటికొస్తాది జ్యోతీ. దానికీ, నాకూ."

ఇద్దరూ పట్టాల దిక్కు చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి రత్నమణి అడిగింది. "నన్ను అడుగుతాందా?"

ఆ ప్రశ్న వస్తుందని శివజ్యోతికి పరుగెత్తి వచ్చేటప్పుడే తెలుసు. అడుగుతోందంటే అబద్ధం. అడగడం లేదంటే, తన బిడ్డను బతికించి పెంచిన మనిషికి ఆ మాట ఎట్లా చెప్పేది?

"ఇప్పుడు తక్కువైందక్కా" అంది చివరికి.

రత్నమణి తలూపింది. "మంచిదే. అట్లనే కావాల" అంది. కొంగు సవరించుకుంది. "ఒంటి జడ వేస్తాండావు. రెండు జడలు వెయ్యి, బిగుతుగా ఉంటాది" అంది. రైలు వచ్చింది. అక్క జనరల్ పెట్టెలో జనం మధ్యకు ఎక్కింది. కిటికీ దగ్గరకు వస్తుందని శివజ్యోతి రైలు వెంట కొంచెం దూరం నడిచింది. రత్నమణి రాలేదు.

కార్తీకం వచ్చేసరికి చేలో పత్తి చేతికి రాలేదు. ఇటుకల పని కూడా ఆగింది. కట్టడాలు నిలిచిపోయాయని, మళ్ళీ ఎప్పుడు మొదలయ్యేదీ తెలియదని యజమాని చెప్పాడు. వీధిలో ఒక్కొక్క ఇంటికే తాళం పడుతోంది. పరమేష్ రెండు రోజులు వేరే పని కోసం తిరిగాడు. మూడో రోజు భార్య ముఖం చూడకుండా, "వదినకు ఫోన్ చేద్దామా?" అన్నాడు.

శివజ్యోతి చేసింది. విషయం చెప్పకముందే రత్నమణికి అర్థమైంది.

"పంపిస్తే పంపు జ్యోతీ. కడుపులో పెట్టుకొని చూసుకుంటా. కానీ ఈసారి మళ్ళా అడగొద్దు" అంది. మళ్ళీ తనే, "కోపంతో అనడం లేదు. ఇంకోసారి ఇయ్యాలంటే నాకు శాతకాదు" అంది.

శివజ్యోతి "సరే అక్కా" అని మాత్రం అనగలిగింది. ఏది సరే అన్నదో ఇద్దరికీ తెలియలేదు.

శివజ్యోతి పాపను పంపలేక ఊళ్ళోనే ఆగింది; ఆ ఏడు సుగ్గికి పరమేష్ ఒక్కడే పోయాడు. లారీ కదిలేటప్పుడు పాప తల్లి కొంగు పట్టుకొని నిలబడింది. "నాయన పెట్రోలుకే పోతాండాడా?" అని అడిగింది. "కాదు. కూలికి పోతాండాడు. ఉగాది దాకా రాడు" అని శివజ్యోతి ఉన్నదున్నట్టు చెప్పింది. పాప ఆ సాయంత్రం అన్నం తినలేదు.

ఇప్పుడు శివజ్యోతి పాపను బడికి పంపి, ఆదోని దావలో బోరు కింది చేన్లకు పత్తి తీయడానికి పోతోంది. మధ్యలో ఫోన్ మోగితే గబగబా తీసి చూస్తుంది. ఎప్పుడూ పరమేషే. రత్నమణి చేయడం లేదు. తనే చేయాలనుకుంటుంది. చేసి ఏమని మాట్లాడాలో తెలియదు. ఫోన్‌ను కొంగులో చుట్టి నడుముకు దోపుకుంటుంది. సాలు ఇంకా సగం మిగిలే ఉంటుంది. మళ్ళీ వంగుతుంది.