రోడ్డును చూడని ఆకు

పులివెందుల నుంచి ముద్దనూరుకు పోయే రోడ్డును ఆనుకునే ఉంది నారాయణ అరటితోట. మంచు పట్టిన ఆ తెల్లవారుజామున తోట నిద్రలో నడుస్తున్నట్టుంది. లారీల దీపాలు మంచులో ఈదుకుంటూ వచ్చి, ఆకుల మీద పాకి పోతున్నాయి. ఆకులు మాత్రం మెరవడం లేదు. రోడ్డు వెడల్పయినప్పటి నుంచి వాటి నిగారింపు పోయింది. పైన పొగమసి, దాని మీద దుమ్ము. అంచులు మాడి, కొత్తగా వచ్చే ఆకు కూడా పొట్టిదయింది, ముక్కూ నోరూ మూసుకుని బతికే మనిషిలాగా.

రేపు నారాయణ అన్న ఓబులేసు కూతురు అర్చన పెండ్లి. తొలి పంక్తి భోజనానికి ఆకులు పెండ్లికూతురి చిన్నాయన చేతి మీదుగా రావాలనేది వాళ్ల ఇంటి ఆనవాయితీ. పంపకాలనాడు రోడ్డు వైపు ముక్క తనకే కావాలని పట్టుబట్టి, అన్నను లోపలి ముక్కకు నెట్టింది నారాయణే. ఆనాటి నుంచి గట్టు దాటి అన్న తోటలో కాలు పెట్టలేదు.

భార్య గురవమ్మ ఒక ఆకు మీద నీళ్లు చల్లి అరచేత్తో తుడిచింది. నల్లటి చార పడింది.

"ఇంకోసారి తుడిస్తే పోతాదిలే," అన్నాడు నారాయణ.

"ఎన్నిసార్లు తుడిచినా జిడ్డు పోలేదయ్యా. వియ్యాలోళ్లకు అన్నంలో కాటుక కలిపి పెడతావా? పోయి మీయన్నను అడుగు. అడిగితే నోట్లో ముత్యాలేం రాలిపోవు."

నారాయణ కొడవలి తీసుకుని చెట్టు నడినెత్తి వైపు చూశాడు. ఇంకా విచ్చని మొవ్వాకు చుట్ట. లోలోపల ఏం కలగంటోందో! రోడ్డనేది ఒకటుందని దానికింకా తెలియదు. మొవ్వులన్నీ కోస్తే ఆకులు శుభ్రం. గెలలు మాత్రం చిక్కిపోతాయి. పోతే పోనీ అనుకుని ఒకటి కోశాడు. చుట్ట విప్పుతుంటే పసిబిడ్డ చెవిలా చల్లగా, లేతగా విచ్చుకుంది. కోసినచోట చెట్టు నీరు కార్చింది. రెండోదాని మీదికి చేయి పోలేదు.

ఆ ఆకు పట్టుకునే గట్టు దాటాడు. డ్రిప్పు పైపు సర్దుతున్న ఓబులేసు ఆకును చూసి లేచి నిలబడ్డాడు.

"మొవ్వు కోసినావేందిరా? తిక్క గాని పట్టిందా?"

"నా ఆకుల్లో అన్నం పెట్టేటట్టు లేదన్నా."

"రోడ్డు రోడ్డని ఎగిరితివి గదరా. బస్సు తోట కాడికే వస్తాదంటివి."

"వచ్చిందిలేన్నా. బస్సు ఆడ నిలబడతాది, పొగ ఈడ దిగుతాది."

ఓబులేసుకు నవ్వాగలేదు. నారాయణ మాత్రం నేల చూస్తూ, "నీ తోటలో కోసుకుంటాన్నా," అన్నాడు.

"ఎవురి తోటదైతే ఏందిరా? కోసేది నువ్వు, పరిచేది నువ్వు. పా, లోపలికి పోదాం."

లోపలికి పోయేకొద్దీ లారీల రొద సన్నగిల్లింది. నారాయణ ఒక ఆకు వంచగానే మంచునీళ్లు జలజలా ముఖం మీద పడ్డాయి. అన్నకు కనబడకుండా నాలుకతో పెదవులు తడుముకున్నాడు. మసి లేని ఉత్త నీళ్ల రుచి.