ఆఖరి బంతి లేచేదాకా

నేను ఒక ఇత్తడి గరిటెను. పిఠాపురంలో ఓ కంచరి నన్ను సాగగొట్టి పొడవాటి కాడ అతికాడు. మొదట కొన్న హోటలాయన కొట్టు మూసేస్తూ నన్ను వంటమేస్త్రీ గవర్రాజుకి ఇచ్చేశాడు. అప్పటినుంచీ పెళ్లివంటలే నా బతుకు. మొదటి బంతికి జనం తోసుకోవడం చూస్తే నాకు నవ్వొస్తుంది. "చాలు చాలు" అంటూనే మరో గరిటెడు వేయించుకుంటారు.

అందరికీ వేళకు పెట్టే గవర్రాజుకి మాత్రం తిండివేళంటూ లేదు. ఆఖరి బంతి లేచేదాకా వంటమేస్త్రీ మెతుకు ముట్టకూడదని వాళ్ల నాన్న పెట్టిన నియమం. పొద్దున్నుంచీ టీలు తాగి, రాత్రి ఇంటికెళ్లి కడుపు పగిలేలా తిని పడుకునేవాడు. బీపీ మాత్ర పొద్దున తిన్నాక వేసుకోమన్నారు. తినడమే లేనప్పుడు మాత్రెక్కడిది? అది తువ్వాలు ముడిలోనే ఉండిపోయేది.

ఒక పెళ్లిలో మధ్యాహ్నం వేళ ఆయన మొహం చూసి భార్య మంగతాయారు కూరగాయల కత్తి కింద పెట్టేసింది.

"రెండిడ్లీలు తిని మాత్రేసుకోండి. మీకు దణ్ణం పెడతాను."

"ఇంకొక్క బంతే కదే!"

సాంబారు కలుపుతుండగా ఆయన పట్టు సడలింది. నేను జారి గుండిగలో పడ్డాను. అందుకోబోయాడు, చెయ్యి లేవలేదు. ఏదో అన్నాడు, మాట ముద్దగా వచ్చింది. నాకు భయం వేసింది.

"ఆకలికి కళ్లు తిరిగుంటాయి, మజ్జిగ పట్టండి" అన్నాడు పెళ్లికూతురి తండ్రి.

"మూతి వంకరపోయిందండీ! నోట్లో ఏమీ పొయ్యొద్దు. బండి తెప్పించండి!" అని అరిచింది మంగతాయారు.

అప్పటికప్పుడు దొరికిన కారు ఒక్కటే, పూలు కట్టిన పెళ్లికారు. పెద్దవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పెళ్లికొడుకే తాళాలు విసిరాడు. కారు కాకినాడ వైపు పోయింది. అవతల విస్తళ్ల ముందు జనం సాంబారు కోసం కేకలేస్తూనే ఉన్నారు.

మనిషి దక్కాడు. "ఆలస్యం చెయ్యలేదు కాబట్టి సరిపోయింది. పొద్దున తినకపోవడం, రాత్రి పొద్దుపోయి తినడం గుండెకీ మెదడుకీ కూడా ముప్పే. దానికితోడు మాత్ర కూడా మానేస్తే ఇంకేముంది?" అని డాక్టరు కోప్పడ్డారట. ఆ సంగతి మంగతాయారు నన్ను తోముతూ ఎవరికో చెబుతుంటే విన్నాను.

ఇప్పుడు పొయ్యి దగ్గర నన్ను పట్టుకునేది ఆవిడే. మొన్నొక పెళ్లిలో మొదటి బంతి ఇంకా వేయకముందే భర్తకి విస్తరి వేసింది.

"వంటవాళ్లే ముందా?" అని ఎవరో పెద్దాయన గొణిగాడు.

"అవునండీ. తమరు కాసేపు కూర్చోండి" అంది.

వేడన్నం మీద నాతోనే పప్పు వడ్డించింది. గవర్రాజు ఎడమచేత్తో తడబడుతూ కలిపాడు. తినే చెయ్యి ఒళ్లో కదలకుండా పడి ఉంది. తలెత్తకుండా, మెతుకు మిగల్చకుండా తిన్నాడు.