గోడవైపు అరచేతంత

అల్లుడు సెకండ్‌హ్యాండ్‌లో కొన్న రెండు స్పీకర్ పెట్టెల్ని హాల్లో దించగానే మామగారి మొహం చాటంత అయింది. పెట్టెల అవతారం మాత్రం చెప్పుకోకపోవడమే మంచిది. పైన అంటించిన పల్చటి టేకు పొర, వెనీరంటారే, అది రెండు మూడు చోట్ల బొబ్బలెక్కి ఉంది. ఒకదానికైతే మూలన అరచేతంత మేర ఊడి ఎక్కడో పడిపోయింది.

"బొబ్బలకేం కంగారు లేదు. ఇస్త్రీపెట్టె తే," అన్నాడు మామగారు. చెక్క గీతల వెంబడే బ్లేడుతో గాటు పెట్టి, సిరంజితో లోపలికి జిగురెక్కించి, తడిగుడ్డ పరిచి ఇస్త్రీపెట్టెతో నొక్కాడు. గంటలో బొబ్బలు మాయం. అల్లుడు నోరెళ్లబెట్టాడు.

"ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారు మావయ్యగారూ?"

"ఎక్కడో లే," అని పెద్దాయన మాట మార్చేశాడు.

తంటా అంతా ఊడిపోయిన మూలతోనే వచ్చింది. దుకాణంలో దొరికే కొత్త పొర పాలిపోయి ఉంటుంది, పాత టేకు పక్కన పెడితే అతుకని ఇట్టే తెలిసిపోతుంది. అల్లుడు ఇల్లంతా గాలించి, చివరికి పడగ్గది మూలనున్న అత్తగారి చెక్క బీరువా దగ్గర ఆగాడు.

"రంగు అచ్చం ఇదే. గోడవైపు అరచేతంత తీసుకుంటే ఎవరికి తెలుస్తుంది?"

మామగారు ఒక్క అంగలో బీరువా దగ్గరికొచ్చాడు. ముప్పై ఏళ్ల కిందట సరిగ్గా ఈ మాటే తనలో తను అనుకుని, సరిగ్గా అక్కడే ఓ ముక్క లేపి, తన స్పీకరుకి అతికించుకున్న ఘనుడు ఆయనే మరి. అది భార్య తన మొదటి జీతంతో ముచ్చటపడి చేయించుకున్న బీరువా. ముక్క లేపిన నాటి నుంచి ఆయన దాన్ని అంగుళం జరగనిస్తే ఒట్టు. ఇంటికి సున్నాలేయించిన ప్రతిసారీ అడ్డంగా నిలబడి, "దాని వెనక అక్కర్లేదు, ఎవడు చూడొచ్చాడు" అని పనివాళ్లని తరిమేవాడు. గదంతా తెల్లబడినా ఆ వెనక గోడ ఇప్పటికీ గులాబీ రంగే. ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ దగ్గర ఆయన దాచింది ఇదొక్కటే. అది కాస్తా బయటపడితే ఇంక ఆవిడ మొహం ఎలా చూడాలి?

"దాన్ని కదపకూడదయ్యా. కాళ్లు పుచ్చిపోయాయి."

"పుచ్చలేదు మావయ్యగారూ, ఇనుములా ఉన్నాయి."

"నీ నడుం పట్టేస్తుంది."

"ఏం పట్టదు, జరుపు బాబూ," అంటూ అత్తగారే గుమ్మంలో ప్రత్యక్షమైంది.

"అత్తయ్యగారూ, దీని గోడవైపు నుంచి ఓ ముక్క తీసుకోనా?" అని అల్లుడు ఉన్నదున్నట్టు అడిగేశాడు.

"ముందు జరుపు, చూద్దాం."

అల్లుడు ఒక్క లాగు లాగాడు. గులాబీ గోడ బయటపడింది. బీరువాకి గోడవైపు చెక్క మీద నలుచదరంగా పొర లేచిపోయిన మచ్చ కూడా బయటపడింది.

"చెదలు," అన్నాడు పెద్దాయన.

"చెదలు స్కేలు పెట్టి కోస్తాయా?" అన్నాడు అల్లుడు, పాపం, ఏమీ తెలియక.

"ఈ చెదపురుక్కి అప్పట్లో పాటల పిచ్చి బాబూ," అంది అత్తగారు.

మామగారు భార్య వైపు తిరిగాడు. "నీకెప్పుడు తెలిసింది?"

"మీరు కోసిన వారానికే. చెవిదుద్దు బీరువా వెనక పడిపోతే సందులోకి వంగి చూశాను. మీరే చెబుతారేమోనని ఎదురుచూశా. తర్వాత సున్నాలవాళ్ల ముందు మీ అవస్థ చూసి జాలేసి ఊరుకున్నా." అల్లుడి వైపు తిరిగింది. "నువ్వు అడిగావు కదా, కోసుకో బాబూ."

"నేనూ అడిగుంటే ఇచ్చేదానివా?"

"ఇవ్వకేం? ఎలాగూ జరుపుతున్నారు కదా, ఆ కిటికీ పక్కన పెట్టమనేదాన్ని. ఈ మూల తలుపు తీస్తే లోపలంతా చీకటి. ముప్పై ఏళ్లుగా పట్టపగలు టార్చిలైటు వేసుకుని బట్టలు వెతుక్కుంటున్నాను."

ఆ టార్చిలైటుని ఆయన రోజూ చూస్తూనే ఉన్నాడు. బ్యాటరీలు కూడా తనే తెచ్చి వేసేవాడు. పగటిపూట ఎందుకని ఒక్కనాడూ అడగలేదు. సిగ్గుతో ఆయనకి తల కొట్టేసినట్టయింది.

అల్లుడు అప్పటికే కత్తీ ఇస్త్రీపెట్టే పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

"అవి కింద పెట్టు. నీ స్పీకరు రేపు చూద్దాం," అన్నాడు మామగారు చొక్కా చేతులు పైకి మడుస్తూ. "ముందు ఆ చివర పట్టుకో. బీరువా కిటికీ దగ్గరికి పోవాలి."