పడవకి పైపుల రెక్కలు

పెద్దాయన పడవలోంచి నీళ్ళలో పడ్డాడన్న కబురు ఆయనకంటే ముందే ఇంటికి చేరింది. గాలివానలో పడితే ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. రేవులో, అల కూడా లేవని నీళ్ళలో, గుంజకి తాడు కట్టి నడుమెత్తుతూ పడ్డాడు. ఊహ తెలిసినప్పటి నుంచి పడవ మీదే బతికిన మనిషి. పడవ అంచున నిలబడి ఆయన విసురు వల విసురుతుంటే పక్క పడవల వాళ్ళు చేతిలో పని ఆపి చూసేవారు. అలాంటివాడు పట్టపగలు అందరి ముందూ బస్తాలా పడిపోయేసరికి రేవులో ఎవరికీ వేరే కారణం తట్టలేదు.

"తాగుంటాడు," అన్నాడు మైకు.

మైకు ఆయనకి చిన్నప్పటి స్నేహితుడు. రహస్యం చెప్పినా రేవు అవతలి చివరిదాకా వినపడుతుంది కాబట్టి ఆ పేరు పడింది. ఈ మాట కూడా పాపం రహస్యంగానే చెప్పాడు.

పెద్దాయన ఒళ్ళంతా నీళ్ళు కారుతూ ఇంటికొచ్చేసరికి భార్య గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏమయ్యా, నెత్తి నెరిశాక మొదలెట్టావా తాగుడు?"

ఆయన తల దించుకుని తువ్వాలు పిండుకున్నాడు. తర్వాత, "కాస్త ఎక్కువైంది," అన్నాడు.

కాదంటాడనుకుంది పెద్దావిడ. కాదంటే ఎలా తిట్టాలో అంతా సిద్ధం చేసుకుంది. ఔననేసరికి లోపలికి వెళ్ళి మంచం మీద కూర్చుండిపోయింది.

ఆయన జన్మలో చుక్క ముట్టలేదు. కొన్నాళ్ళుగా ఉన్నట్టుండి లోకం గిర్రున తిరుగుతోంది. తల పక్కకి తిప్పితే చాలు, కాళ్ళ కింద నేల జారిపోతోంది. తాగుబోతైతే మానేస్తానని ఒట్టేసి మళ్ళీ పడవెక్కచ్చు. కళ్ళు తిరిగి పడే మనిషని తెలిస్తే మాత్రం ఇంట్లోవాళ్ళు ఎక్కనివ్వరు, రేవులోవాళ్ళు చేరదీయరు. అది ఆలోచించే ఆ చెడ్డపేరు నెత్తికెత్తుకున్నాడు.

ఆ ఇంటి కోడలు ప్లంబరు. పుట్టింట్లో తండ్రి పక్కన పానా అందిస్తూ పని నేర్చుకుంది, ఇప్పుడు తన సంచి తనే భుజానేసుకుని తిరుగుతుంది. చుట్టుపక్కల వీధుల్లో "పైపులమ్మాయి" అంటే చాలు, ఇల్లు చూపిస్తారు. ఆమె మొగుడు పెద్ద మరపడవలో పనిచేస్తాడు. సముద్రంలోకి వెళ్ళాడంటే మళ్ళీ ఎప్పుడొస్తాడో అతనికే తెలీదు. ఇంట్లో అత్తామామలు, ఆమె, అంతే.

మామగారు తాగుతున్నాడన్న మాట ఆమెకి ఎక్కడో అతకలేదు. పని మీద నానారకాల ఇళ్ళలోకి వెళ్తుంది, తాగినవాడి వాలకం తెలుసు. ఈయన దగ్గర వాసన లేదు, పెద్ద గొంతు లేదు. వసారాలో నడుస్తూ ఒక చేత్తో గోడ తడుముకోవడం ఉంది. పిలిస్తే తలొక్కటే తిప్పకుండా, కొయ్యబొమ్మలా ఒళ్ళంతా కలిపి తిరగడం ఉంది.

ఒక మధ్యాహ్నం పెరట్లో వల బాగుచేసుకుంటున్న మనిషి దాన్ని వదిలేసి పందిరి గుంజని రెండు చేతులా వాటేసుకుని కళ్ళు మూసుకోవడం చూసింది. మొహం నిండా చెమట. దగ్గరికెళ్ళి ఏమీ అడక్కుండా పక్కన కూర్చుంది. ఆయన కళ్ళు తెరిచాక అడిగింది.

"మామయ్యా, మీరు తాగలేదు కదూ?"

"తాగాను."

"ఏం తాగారు?"

పెద్దాయన నెత్తి గోక్కున్నాడు. ఏ మందు పేరూ గుర్తు రాలేదు. "అదేనమ్మా... సీసాలో ఉంటుంది చూడు," అన్నాడు.

కోడలికి నవ్వాగలేదు. ఆయనా నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆపి, తువ్వాలు మొహాన కప్పుకున్నాడు.

మర్నాడే అత్తాకోడళ్ళు పట్టుబట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరమ్మ చెవిలోకి దీపం వేసి చూసింది, మంచం మీద పడుకోబెట్టి తల అటూ ఇటూ తిప్పించింది. మనిషిని నిలబెట్టే తూకం చెవి లోపలే ఉంటుందనీ, ఈయనకి అదే దెబ్బతిందనీ చెప్పింది. ప్రాణానికి భయం లేదు, మందులతో తగ్గుముఖం పడుతుంది, కానీ పూర్తిగా పోతుందని చెప్పలేం. వచ్చేటప్పుడు చెప్పి రాదు. నిచ్చెనలెక్కకూడదు. పడవలో నిలబడకూడదు. నీళ్ళ మీదికి ఒంటరిగా అసలే వెళ్ళకూడదు.

దారి పొడుగునా పెద్దావిడ మొగుడి చెయ్యి వదల్లేదు. ఇంటికొచ్చాక మొగుడికి మంచినీళ్ళిచ్చి, "తాగుడైతే తిట్టి మానిపించేదాన్ని. ఇప్పుడెవర్ని తిట్టను?" అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆయన రేవుకి వెళ్ళడం మానేశాడు. ఉదయం లేచి వసారాలో కుర్చీ వేసుకునేవాడు, నీళ్ళు కనపడని వైపు తిప్పుకుని. మైకు రెండుసార్లు చూడ్డానికొస్తే నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకున్నాడు. పడవ అమ్ముతారా అని ఒకాయన వాకబు చేస్తే పెద్దావిడే కసిరి పంపించింది. పెద్దాయన మాత్రం ఔననలేదు, కాదనలేదు. కోడలికి అదే ఎక్కువ దిగులనిపించింది.

ఆ వారంలోనే ఆమె ఒక ఇంటి పునాది దగ్గర పని చేస్తోంది. నీళ్ళు నిండిన గోతిలోకి, రెండు కొసలా మూతలు బిగించిన లావుపాటి పైపు జారిపడింది. పైకి లాగబోయి ఊరికే కాలితో తొక్కి చూసింది. మునగలేదు. రెండు కాళ్ళూ వేసి ఎక్కింది. కాస్త దిగి మళ్ళీ తేలింది. మేస్త్రి, "ఆడుకుంటున్నావా తల్లీ?" అని నవ్వుతున్నా వినిపించుకోకుండా దానిమీదే నిలబడి ఆలోచించింది.

సాయంత్రం ఇంటికొస్తూనే, "మామయ్యా, పడవకి అటొకటి ఇటొకటి ఇలాంటి పైపులు కడితే ఒరగదు కదా?" అంది.

"ఒరగదు. కానీ దాన్ని పడవ అనరమ్మా. నడక రాని పసివాళ్ళ తోపుడుబండి అంటారు."

"అననీయండి. ఇప్పుడు మిమ్మల్ని తాగుబోతంటున్నారు. దానికంటే నయమే కదా?"

మర్నాడు పొద్దున్న కోడలు సంచి తీసుకుని బయల్దేరేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. ఒడ్డున బోర్లించిన పడవ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఆయన జానలు వేసి కొలుస్తున్నాడు.

పని మొదలైంది. ఆమె పడవ పొడుగుకి కాస్త తక్కువగా రెండు లావు పైపులు కోసింది. కొసలు గరుకుకాగితంతో రుద్ది, పైపులతికించే సొల్యూషన్ రాసి, మూతలు తొడిగి మెలితిప్పి బిగించింది. ఆరాక తొట్టిలో ముంచి బుడగలొస్తున్నాయేమో చూసింది. అంతవరకూ పెద్దాయన తలూపుతూనే ఉన్నాడు. పైపుల్ని పడవకి కలిపేందుకు అడ్డంగా వేసే వాసాల దగ్గర పేచీ వచ్చింది. ఆమె ఇనప గొట్టాలు తెచ్చి, పడవ అంచుకి బోల్టులు దింపి కదలకుండా బిగించింది.

"బిగి ఎక్కువైందమ్మాయ్. కాస్త ఊగనివ్వాలి," అన్నాడాయన.

"మా పనిలో ఊగితే కారుతుంది మామయ్యా."

"మా పనిలో ఊగకపోతే విరుగుతుంది."

ఆమె వినలేదు. ఆయనా పట్టుబట్టలేదు, తన మాటకి ఇంకా విలువుందన్న నమ్మకం పోయింది కాబోలు. ఇద్దరూ నడుములోతు నీళ్ళలోకి దించి చూశారు. పైపులు రెండూ సగం మునిగి, పడవ మొండికేసిన దున్నపోతులా నిలబడిపోయింది. తెడ్డు వేస్తే కదలదు, తిప్పితే తిరగదు. ఇంతలో ఒక మరపడవ దూరంగా వెళ్ళింది. దాని అల వచ్చి ఒక పక్క పైపుని ఎత్తిందో లేదో, ఫెళ్ళుమని పడవ అంచు ముక్క బోల్టుతో సహా ఊడొచ్చింది.

కోడలు రెండు చేతులా పడవ అంచు పట్టుకుంది. "మీ పడవ పాడుచేశాను మామయ్యా," అంది ఏడుపు గొంతుతో.

ఆయనకి కోపం రాలేదు. ఊడిన ముక్క చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. చెవిలో జరిగేది ఆయనకి అంతుపట్టదు, ఇది అంతుపట్టింది. "ఇది పాత చెక్కేలే, ఎప్పుడో మార్చాల్సింది," అన్నాడు. "ఇనుము తీసేయ్. వెదుళ్ళు తెద్దాం. బోల్టులొద్దు, తాడుతో కడదాం. ఇంకో మాట. పడవ నిటారుగా ఉన్నప్పుడు పైపులు రెండూ నీటికి తగలీతగలనట్టుండాలి. ఎటు ఒరిగితే అటుది అందుకోవాలి. అంతేగానీ రెండూ మునిగి కూర్చుంటే మనం మోసేది పడవని కాదు, వాటిని."

ఆయన నోట అన్ని మాటలు విని చాలా రోజులైంది. కోడలు కళ్ళు తుడుచుకుని బోల్టులు విప్పింది.

అంచుకి కొత్త చెక్క వేశారు. వెదుళ్ళు అడ్డంగా పెట్టి, ఆయన నేర్పిన ముడితో ఆమె, ఆమె లాగి బిగించిన చోట ఆయన, ఇద్దరూ కట్టారు. పైపుల్ని నీటికి కాస్త పైన ఉండేట్టు వెదుళ్ళ కొసలకి వేలాడదీశారు. తర్వాత కోడలికి చెయ్యి ఆగలేదు. సన్న పైపులకి మూలలు తిప్పే ఎల్బోలు తగిలించి, కూర్చున్న మనిషికి రెండు పక్కలా పట్టుకునే కమ్మీ చేసింది. ఇంట్లో ఉన్న ఇంకో ప్లాస్టిక్ కుర్చీ కాళ్ళు కోసి పడవ మధ్య పలక మీద కట్టేసింది. పైపు ముక్కలు ఏటవాలుగా కోసి గాలం కర్రలు నిలబెట్టే గొట్టాలు బిగించింది. నడుముకి కట్టుకోడానికి తాడు వేసింది. పెద్దావిడ మెత్త కుట్టి తెచ్చి కుర్చీలో వేస్తూ, "బావుందయ్యా, దర్బారు. ఇక వింజామర ఒక్కటే తక్కువ," అంది.

రెండోసారి పడవ సాఫీగా కదిలింది. ఆయన కుర్చీలో, కోడలు ముందు వైపు. ఒడ్డు కాస్త దూరమయ్యాక ఆయన తెడ్డు ఆపి, చటుక్కున కమ్మీ పట్టుకున్నాడు.

"వచ్చిందా?" అంది ఆమె.

"వచ్చింది."

ఆమెకి ఈత రాదు, తెడ్డు వెయ్యడమూ అంతంత మాత్రమే. చుట్టూ నీళ్ళు. "ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

"ఏమీ చెయ్యకు. కదలకు. ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు. నీ గొంతు ఎటుందో తెలిస్తే నేనెటున్నానో తెలుస్తుంది."

ఏం మాట్లాడాలో తోచక ఆ వారం చేసిన పనులన్నీ మొదలెట్టింది. ఒక ఇంట్లో తూము మూసుకుపోతే లోపల దువ్వెన దొరికిందట, అది నాది కాదంటే నాది కాదని మొగుడూ పెళ్ళాం పోట్లాడుకున్నారట. ఇంకో ఇంట్లో ముసలావిడ కారే కుళాయి బాగుచేయొద్దందట, ఆ చప్పుడు లేకపోతే నిద్రపట్టదట. చెప్తూనే ఉంది. పడవ ఒక పక్కకి ఒరిగింది, ఆ పక్క పైపు నీటిని తాకి మెల్లగా ఆపింది. ఇటు ఒరిగితే ఇటుది ఆపింది. పెద్దాయన కళ్ళు మూసుకుని, కమ్మీ గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు.

చాలాసేపటికి, "దువ్వెన ఎవరిదని తేలిందమ్మా?" అని అడిగాడు.

అప్పుడు ఏడ్చింది కోడలు.

ఒడ్డుకి చేరేసరికి మైకు అక్కడే నిలబడి ఉన్నాడు. వెనక నలుగురైదుగురు ఈ వింత పడవని చూసి నవ్వుతున్నారు. "రెక్కలొచ్చాయేంట్రా నీ పడవకి?" అన్నాడు మైకు.

పెద్దాయన నడుం తాడు విప్పుకుని, కోడలి భుజం పట్టుకుని దిగాడు. "నేను తాగలేదురా," అన్నాడు, అందరికీ వినపడేట్టు. "ఎప్పుడూ తాగలేదు. చెవి పాడైంది. నిలబడితే పడిపోతాను. చెప్పుకోడానికి సిగ్గేసింది."

మైకు ఒక్కసారిగా విరుచుకుపడ్డాడు. "ఓరి దుర్మార్గుడా! నిన్ను మానిపించాలంటే ముందు నేను మానాలని, నువ్వు పడ్డ రోజు నుంచీ చుక్క ముట్టకుండా చస్తున్నాను కదరా!"

రేవంతా ఘొల్లున నవ్వింది. పెద్దాయన కూడా నవ్వాడు. నవ్వుతూనే పడవలోంచి విసురు వల తీసి స్నేహితుడి చేతుల్లో పెట్టాడు. "ఇది నిలబడేవాడి దగ్గరుండాలి. నేనిక గాలమే." ఆ మాట తేలిగ్గా అనబోయాడు గానీ, వల మీద చెయ్యి వెంటనే తియ్యలేకపోయాడు. మైకు తొందరపెట్టలేదు.

ఆ తర్వాత వాళ్ళిద్దరూ కలిసే వెళ్ళేవారు. పెద్దాయన కుర్చీలో కూర్చుని గాలాలు చూసుకునేవాడు, మైకు తెడ్డు వేసేవాడు. వలతో దొరికినంత గాలంతో దొరకదు. కొన్ని రోజులు తల బరువుగా ఉంటే ఇంట్లోనే ఉండిపోయేవాడు, ఆ రోజుల్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడేవాడు కాదు. పెద్దావిడ చూసీ చూడనట్టు తన పని తాను చేసుకునేది. కానీ వసారాలో కుర్చీ మళ్ళీ నీళ్ళ వైపు తిరిగింది.

మరపడవ తీరానికొచ్చి కొడుకు ఇల్లు చేరాక, తల్లి చెప్పింది విని సంచి కూడా దించకుండా రేవుకి పరిగెత్తాడు. నీళ్ళలో ఉన్న పడవనీ, అందులో కుర్చీలో కూర్చున్న తండ్రినీ చూసి నడుం మీద చేతులేసుకుని, "ఎవరు చేశారు నాన్నా దీన్నిలా?" అన్నాడు.

"నీ పెళ్ళాం. ఏమన్నా అనాలంటే దాన్నే అను, ధైర్యముంటే."

కొడుకు నవ్వి, చొక్కా విప్పి ఒడ్డున పడేసి పడవ అంచెక్కి నిలబడ్డాడు. బలమంతా ఉపయోగించి అటూ ఇటూ ఊపాడు. పడవ ఒరిగి, పైపు మీద ఆనుకుని, మళ్ళీ నిలబడింది. ఇంకా గట్టిగా ఊపాడు. ఈసారి అతని కాలే జారి నీళ్ళలో దబ్బున పడ్డాడు.

కుర్చీలో కూర్చున్న పెద్దాయన కమ్మీ పట్టుకుని కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వాడు. అప్పుడే పని నుంచి ఒడ్డుకొచ్చిన కోడలు సంచి కింద పెట్టి, మొగుణ్ణి పైకి లాగడానికి నడుములోతు నీళ్ళలోకి దిగింది.