పదమూడో పాఠంలో అల

పొగమంచు దిగిందంటే మా దీవికి పడవలు రావు. పడవలు రాకపోతే రేవులో నా నూడుల్స్ కొట్టుకి బేరమూ రాదు. పొయ్యి మీద చేపల పులుసు తన మానాన తను ఉడుకుతూ ఉంటుంది. ఆవిరి కిటికీలోంచి బయటికి పోయి మంచులో కలిసిపోతుంది, ఏది ఆవిరో ఏది మంచో తెలీదు. అలాంటి మధ్యాహ్నాల్లోనే నేను వాతావరణ శాస్త్రం చదివాను. నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. మా ఆయన ముందే నవ్వాడు.

“రేపు వానో ఎండో చెప్పడానికి నీకు సర్టిఫికెట్ ఎందుకే? నీ మోకాలు చెప్పదూ?” అన్నాడు గూ, వల బాగుచేసుకుంటూ.

“మోకాలు చెబితే నువ్వు ఏనాడు విన్నావు? కాగితం చెబితే వింటావేమో చూద్దామని,” అన్నాను.

ఆయనతో అలా అన్నాను గానీ, నిజానికి నేను చేరింది పేయీ కోసం. పేయీ రేవులో టికెట్ల కిటికీ దగ్గర కూర్చునే పిల్ల. నన్ను చుయ్ అక్కా అని పిలుస్తుంది. గుట్ట మీద వాతావరణ గదిలో పనిచేసే ముసలాయన పని మానేసి దిగిపోతున్నాడనీ, దూరవిద్యలో వాతావరణం కోర్సు పాసైన స్థానికులకే ఆ ఉద్యోగమనీ తెలిసిన రోజు, తను నా కొట్టుకొచ్చి నూడుల్స్ చల్లారిపోయేదాకా ముట్టుకోకుండా కూర్చుంది.

ఆ గదిలో మనిషి చేసే పని ఏమిటంటే, మేఘాల పటాలు చూస్తూ ఉండటం, గాలి మారుతోందని తెలియగానే మైకులోనూ రేడియోలోనూ చేపల పడవల్ని వెనక్కి పిలవటం. పేయీ చిన్నప్పుడు వాళ్ళ నాన్న పడవని కూడా పిలిచారు. పిలుపు ఆలస్యంగా వెళ్ళింది, పడవ రాలేదు. తుఫాను మలుపు తిరగడం ఎవరి తప్పూ కాదని పెద్దలు తేల్చారు. పేయీ ఏమీ తేల్చలేదు. ఆ పిలిచే మనిషి తనే అవ్వాలనుకుంది.

“ఒక్కదాన్నే చదవలేనక్కా,” అంది. “నువ్వు కూడా చేరవా?”

చేరాను. తీరా చేరాక చూస్తే, ఇద్దరిదీ ఒకే పాఠం ఎప్పుడూ కాలేదు. పాఠాలన్నీ శూ మాస్టారు ఎప్పుడో చెప్పి రికార్డు చేసినవి, ఎవరి వీలుని బట్టి వాళ్ళు చూసుకోవాలి. ఆలస్యం అమృతం విషం అని నేను మాస్టారి నోటిని రెట్టింపు వేగంతో పరిగెత్తించేదాన్ని. నిదానమే ప్రధానం అని పేయీ ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ వినేది. నేను ఉరుముల దగ్గర ఉంటే తను ఇంకా మంచుబిందువుల దగ్గరే ఉండేది.

అయినా మేం కలుసుకునేవాళ్ళం. ఎలాగంటే, పాఠం చూస్తూ ఏదైనా టైపు చేస్తే ఆ మాట తెర మీద తేలుతూ పోతుంది. పోయి అంతటితో మాయమైపోదు. తర్వాత ఎవరు ఎప్పుడు చూసినా, పాఠంలో సరిగ్గా ఆ చోటికి రాగానే ఆ మాట మళ్ళీ తేలుతుంది. తేలకుండా తెర అడుగున కాసేపు నిలబడేలా కూడా పెట్టొచ్చు. అందుకని నేను ముందు నడుస్తూ తన కోసం మాటలు వదిలి వచ్చేదాన్ని. ‘పిల్లా, ఇక్కడ లెక్క ఉంది, బెదిరిపోకు.’ ‘ఇది మన గుట్ట మీద పట్టే మంచే, పేరు మాత్రం వేరు.’ కొన్నాళ్ళకి తను అక్కడికి వచ్చి కింద జవాబు రాసేది. నేను వెనక్కి వెళ్ళి చదువుకునేదాన్ని.

మేమిద్దరమే కాదు. మాస్టారు మాట మధ్యలో ఫ్లాస్కు మూత తిప్పినప్పుడల్లా ‘మాస్టారు టీ తాగుతున్నారు, అందరూ తాగండి’ అని తెరంతా నిండిపోయేది. ఎడారిలో లారీ నడిపే అతనొకడు ఇసుకలారీ అని పేరు పెట్టుకుని, ‘చుట్టూ చుక్క నీరు లేదు, నేను సముద్రపు గాలి చదువుతున్నా’ అని రాసేవాడు. ఉత్తరాన ఎక్కడో ముల్లంగి పండించే ఒకామెని అందరూ ముల్లంగి అవ్వ అనేవారు. వీళ్ళలో ఎవరు నిన్న చూశారో, ఎవరు పోయినేడాది చూశారో తెలిసేది కాదు. చూసేది ఒక్కదాన్నే, గదినిండా మాత్రం జనం. బయట మంచు, లోపల ఆవిరి, తెర మీద తేలే మాటలు. కొన్ని మధ్యాహ్నాలు నేను మెలకువగా ఉన్నానో లేదో నాకే తెలిసేది కాదు.

ప్లమ్ పళ్ళు పండే వానలు మొదలయ్యేసరికి పేయీ పదమూడో పాఠానికి వచ్చింది. వచ్చి ఆగిపోయింది.

పదమూడో పాఠం తుఫాను. అందులో మాస్టారు ఒక పాత వీడియో పెట్టారు. తెర పై మూలన మేఘాల పటం, దాని కింద సముద్రం, సముద్రంలో ఒక చేపల పడవ, దాని మీదికి లేస్తున్న అల. పడవ ముక్కు అలలోకి వెళ్ళిపోయే చోట పేయీ ఫోన్ ఆపేసింది. మర్నాడు మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ అక్కడే ఆపింది. పాఠం పూర్తిగా చూస్తేగానీ పక్కన ఆకుపచ్చ టిక్కు పడదు. అన్ని టిక్కులూ పడితేగానీ పరీక్షకి కూర్చోనివ్వరు. వానలు వెలిసేలోపు పరీక్షకి పేరు ఇవ్వాలి.

“ఫోన్ బోర్లా పెట్టేసెయ్యి,” అన్నాను. “అల దానిదారిన అది పోతుంది.”

తను అలాగే చేసింది. కానీ మాస్టారు మనకంటే నాలుగాకులు ఎక్కువ చదివినవాడు. మనం చూస్తున్నామో, కునుకు తీస్తున్నామో కనిపెట్టడానికి పాఠం నడిమధ్య ప్రశ్న పెడతాడు. జవాబు నొక్కేదాకా బొమ్మ కదలదు. ఎంతసేపటికీ మాస్టారి గొంతు వినబడకపోయేసరికి పేయీ ఫోన్ తిరగేసింది. పడవ మీద అల అలాగే నిలబడిపోయి ఉంది.

ఆ రోజు నుంచి తను చదువు మాటే ఎత్తలేదు. టికెట్లు ఇచ్చేది, చిల్లర ఇచ్చేది.

“ఉద్యోగం వేరేవాళ్ళు చేస్తార్లే అక్కా,” అంది.

“వేరేవాళ్ళు అంటే ఎవరు? మీ నాన్నని పిలవడం ఆలస్యం చేసినవాళ్ళలాంటి వాళ్ళా?” అన్నాను. అలా అని ఉండకూడదు. నా నోరు అంతే, గరిటె కంటే వేడి. తను కిటికీ తలుపు దించేసుకుంది.

దయ్యాల సినిమాలు చూసే కుర్రకారుకి ఒక అలవాటుంది. భయపెట్టే బొమ్మ ఎక్కడ వస్తుందో ముందే చూసినవాళ్ళు, వెనక వచ్చే పిరికివాళ్ళ కోసం ఆ చోట తెరంతా మాటలతో నింపేస్తారు. దయ్యం మొహం మాటల వెనక దాక్కుంటుంది. వాళ్ళు నా కొట్టులో కూర్చుని ఆ పని చేస్తుంటే ఎన్నిసార్లు నవ్వానో. పాఠంలో కూడా దయ్యం ఉంటుందని నాకేం తెలుసు?

కోర్సు చర్చల పేజీలో రాశాను. ‘పదమూడో పాఠంలో అల లేచే చోట మా దీవి పిల్ల ఆగిపోయింది. వాళ్ళ నాన్న సముద్రంలో పోయాడు. మీలో ఎవరికైనా మనసుంటే అక్కడికి వెనక్కి వెళ్ళి ఆ అల మీద నాలుగు మాటలు పరవండి.’

ఉలుకూ లేదు పలుకూ లేదు. ఇసుకలారీ ఏ రోడ్డు మీదున్నాడో, అవ్వ ఏ మడిలో ఉందో. ఎవరి పాఠం వాళ్ళది, ఎవరి వేగం వాళ్ళది. టీ తాగడానికైతే అందరూ ఉంటారు అని తిట్టుకున్నాను. పైకే తిట్టాను, గూ కూడా విన్నాడు.

“వాళ్ళేమన్నా నీ పక్కింటివాళ్ళా, పిలవగానే రావడానికి?” అన్నాడు.

మళ్ళీ మంచు దిగిన రోజు పడవలు ఆగిపోయాయి, టికెట్ల కిటికీ మూసేశారు. నేనే వెళ్ళి పేయీని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. ఒక్కసారి, నా పక్కన కూర్చుని, నా ముఖం చూసి అని బతిమాలాను. తెర మీద ఏముందో నేనూ చూడలేదు. నాలుగు మాటలైనా ఉంటాయేమోనన్న ఆశే తప్ప ధైర్యం లేదు.

మాస్టారు గొంతు సవరించుకున్నారు, టీ తాగారు. వీడియో మొదలైంది. బూడిదరంగు నీళ్ళు, చిన్న పడవ. పేయీ వేళ్ళు నా మణికట్టులో దిగబడ్డాయి. అల అడుగు నుంచి లేవబోతుండగా మొదటి మాట వచ్చి నిలబడింది.

‘దీవి చెల్లీ, వచ్చావా? కూర్చో.’

దాని మీద ఇంకొకటి. ‘నేను సముద్రం ఎప్పుడూ చూడలేదు, నాకూ భయమే. కలిసి దాటేద్దాం. ఇట్లు ఇసుకలారీ.’ దాని మీద, ‘నా ముల్లంగులన్నీ ఈ అల మీద కుమ్మరిస్తున్నా.’ ‘మాస్టారు తాగకపోయినా మనం టీ తాగుదాం.’ ‘డ్యూటీ మధ్యలో వచ్చాను, నర్సుని, నీ చెయ్యి పట్టుకున్నాననుకో.’ ఒకదాని మీద ఒకటి, ఇటుకలు పేర్చినట్టు, అల ఎంత లేస్తే అంత ఎత్తున మాటలు లేచాయి. నీళ్ళు కనబడలేదు, పడవా కనబడలేదు. రోజుల తరబడి వేర్వేరు వేళల్లో, వేర్వేరు ఊళ్ళలో రాసిన మాటలన్నీ ఆ ఒక్క చోట ఒక్కసారిగా నిలబడ్డాయి.

నేను అడగని పని కూడా ఒకటి చేశారు. తెర పై మూలని ఒక్కరూ కప్పలేదు. మేఘాల పటం కడిగిన పళ్ళెంలా తేటగా కనబడుతోంది. ‘పై మూల చూడు చెల్లీ, సుడి ఎటు తిరుగుతోందో చూడు, ప్రశ్న దాని గురించే.’

ప్రశ్న వచ్చింది, బొమ్మ ఆగింది. పేయీ పటాన్ని చాలాసేపు చూసింది. తర్వాత ఎడమవైపు అని నొక్కింది. బొమ్మ కదిలింది.

అప్పుడు మాటలు ఒక్కొక్కటే పలచబడ్డాయి. చివరగా అడుగున ఒకే మాట మిగిలింది. ‘ఇప్పుడు చూడు, పడవ వస్తోంది.’ తెల్లటి నురగలోంచి ముందు ముక్కు, తర్వాత కప్పు, తర్వాత పడవంతా నీళ్ళు కార్చుకుంటూ బయటికి వచ్చింది.

ఆ పడవ బయటికి వస్తుందని నాకు తెలీదు. పదమూడో పాఠం నేనూ చూశాను కదా అంటారేమో. ఆ చోటికి వచ్చేసరికి నేను గరిటె పట్టుకుని పొయ్యి వైపు తిరిగాను. మా దీవిలో పుట్టినవాళ్ళెవరైనా తిరుగుతారు. ఇసుకలో, ముల్లంగి మడుల్లో ఉన్నవాళ్ళే చివరిదాకా చూశారు.

“అది మా నాన్న పడవ కాదు,” అంది పేయీ.

“కాదు.”

“అయినా వచ్చింది కదక్కా.”

ఇద్దరం ఏడ్చాం. ఆ పూట పులుసులో ఉప్పెక్కువైందని గూ సణిగాడు.

ఇద్దరం పరీక్ష రాశాం. నాకంటే తనకే మార్కులెక్కువ వచ్చాయి, నిదానమే గెలిచింది. చేపల కాలం వచ్చేసరికి పేయీ గుట్ట మీదుంది. ఒక రోజు ఎండ కాస్తోంది, నీళ్ళు నూనె పోసినట్టున్నాయి, పడవలన్నీ దూరంగా వెళ్ళాయి. గూ కూడా వెళ్ళాడు. అప్పుడు గుట్ట మీంచి మైకు గరగరలాడింది. రేడియోలోనూ అదే గొంతు.

“గూ బావా, వినబడుతోందా? ఆకాశం బాగానే ఉంది, నాకూ తెలుసు. అయినా వచ్చేయ్. పటంలో సుడి మనవైపు తిరిగింది. చెన్ పెదనాన్నా, వలలు కోసెయ్యి, మళ్ళీ కొనుక్కోవచ్చు. లూ అన్నా, వచ్చేయ్. అక్క నూడుల్స్ పెట్టింది, చల్లారిపోతాయి.” ఒక్కొక్కరినీ పేరుపెట్టి, ఒకరి తర్వాత ఒకరిని, ఆపకుండా పిలిచింది. రేవులో నిలబడి విన్నాను. మాటలు నీళ్ళ మీద పేర్చుకుంటూ పోతున్నట్టే ఉంది.

పడవలన్నీ వచ్చాయి. గూ తాడు కట్టి, నా ముందు కూర్చుని గిన్నె లాక్కున్నాడు. “కాగితం చెబితే వినాలటగా,” అన్నాడు. గిన్నె ఖాళీ అయ్యేలోపే గాలి మొదలై కొట్టు తలుపులు కొట్టుకున్నాయి.

గాలి తగ్గాక పదమూడో పాఠం తెరిచాను. కొత్తగా చేరినవాళ్ళ మాటలు చాలా వచ్చాయి. అల లేచే చోట, అన్నిటికన్నా అడుగున ఒక మాట నిలబడి ఉంది. ‘ఇక్కడ ఆగిపోయినవాళ్ళకి. నేను గుట్ట మీద మెలకువగానే ఉన్నాను. పై మూల చూడండి. పడవ వస్తుంది. ఇట్లు పేయీ.’

మాటలన్నీ దాచేసే బొత్తం నొక్కి, ఆ చోటుని మళ్ళీ చూశాను. ఈసారి పొయ్యి వైపు తిరగలేదు.